జింతనా ఊరు చూడబోయింది

బ్యాంకాక్‌లో సామ్‌సెన్ వైపు, నదికి దగ్గరగా ఉన్న సందుల్లో ఒకదానిలో జింతనా గెస్ట్‌హౌస్ ఉంది. పెద్దదేం కాదు. అత్తగారు పోయాక మేడ మీది గదులు ఖాళీగా పడి ఉండేవి. వీపున సంచులు వేసుకుని, చెమటలు కక్కుకుంటూ, మ్యాపు తలకిందులుగా పట్టుకుని సందుల్లో తిరిగే తెల్లవాళ్ళను చూశాక ఆమెకు గదులు అద్దెకిద్దామనే ఆలోచన వచ్చింది. అప్పటినుంచి ఆ ఇంటికి ఏ దేశంవాళ్ళు రాలేదో చెప్పడం కష్టం.

వచ్చినవాళ్ళందరికీ దారి చెప్పేది జింతనాయే. మ్యాపు బల్ల మీద పరిచి, పెన్నుతో గీత గీసి, తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పేది. ఇక్కడ పడవ ఎక్కు. ఇక్కడ దిగు. టుక్‌టుక్ ఆటోవాడు గుడి మూసేశారంటే నమ్మకు. నీళ్ళు బాగా తాగు. అరుణ్ గుడి చాలా అందంగా ఉంటుంది, తప్పకుండా చూడు. ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ ఆ మాటలకు ఒక రాగం కూడా వచ్చేసింది. వంటింట్లో చేపలు తోముతూ కూడా తల ఎత్తకుండా చెప్పగలిగేది.

ఆమె మాత్రం అరుణ్ గుడి లోపల ఎప్పుడూ అడుగు పెట్టలేదు. నఖోన్ సవాన్ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో భర్త సవేంగ్ తీసుకెళ్తానన్నాడు. ఆ తర్వాత అత్తగారి కాలు విరిగింది. కాలు బాగయ్యేసరికి పిల్ల పుట్టింది. పిల్ల పెద్దదై పెళ్ళి చేసుకుని చియాంగ్ రాయ్ వెళ్ళేసరికి గెస్టులు వచ్చారు. దూరమైతే ఎప్పుడో ఒకప్పుడు పట్టుబట్టి వెళ్ళేదేమో. పడవలో కాసేపు కూర్చుంటే చేరే చోటు కాబట్టి, ఎప్పుడైనా వెళ్ళొచ్చులే అనుకుంటూ ఉండిపోయింది.

ఏప్రిల్ నెల మొదట్లో, రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునే ఒక మధ్యాహ్నం, హాలెండ్ నుంచి వచ్చిన ఒక కుర్ర జంట ఉడికించిన రొయ్యల్లా ఎర్రబడిన మొహాలతో తిరిగొచ్చారు. అమ్మాయి మంచినీళ్ళ సీసా సగం తాగి, మిగతా సగం తల మీద పోసుకుని, మెల్లిగా అంది.

"మీరు చెప్పిన రేవు లేదండి. మూసేసి చాలా కాలమైందట. అక్కడినుంచి ఎండలో నడిచాం. మీరు ఈమధ్య వెళ్ళారా అటు?"

"ఎందుకు వెళ్ళను, ఎన్నోసార్లు వెళ్ళాను" అంది జింతనా.

వరండాలో ఉయ్యాల మంచంలో పడుకున్న సవేంగ్ ముక్కుతో ఒక చప్పుడు చేశాడు. ఆ జంట మేడెక్కేదాకా ఆగి, కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఎన్నోసార్లా? ఏ జన్మలోనే?"

"నవ్వకు. పెళ్ళయిన కొత్తలో తీసుకెళ్తానన్నది నువ్వే."

"తీసుకెళ్తానన్నాను. ఎప్పుడని అన్నానా?"

సవేంగ్ రిటైరయ్యేదాకా నది పడవ మీద తాడు విసిరే పని చేశాడు. పడవ రేవుకు ఆనేటప్పుడు ఈల వేసి, తాడు విసిరి, జనాన్ని దింపి, మళ్ళీ ఈల వేసేవాడు. రోజూ అరుణ్ గుడి ముందునుంచే వెళ్ళేవాడు.

"నేనైతే రోజూ చూశాను" అన్నాడు గర్వంగా.

"పడవలోంచి."

"పడవలోంచే బాగుంటుంది. గాలి వస్తుంది."

ఆ మాటతో అయిపోవలసింది. కానీ ఆ అమ్మాయి అడిగిన తీరు జింతనాకు చేప ముల్లులా గొంతులో దిగింది. కసిరి అడిగి ఉంటే పట్టించుకునేది కాదు. మర్యాదగా, జాలిగా అడిగింది. ఆ మరుసటి వారం మేడ మీద స్నానాల గదుల్లో టైల్సు మార్చాలని గెస్టులను తీసుకోవడం ఆపేశారు. పనివాళ్ళు వచ్చిన రోజు పొద్దున్నే ఆమె సామాన్ల గదిలోంచి ఒక నీలం సంచి తీసి దులిపింది. ఎప్పుడో ఒక నార్వే కుర్రాడు దీవులకు వెళ్ళొస్తానని వదిలి, మళ్ళీ రాని సంచి అది.

"మూడు రోజులు వెళ్తున్నా" అంది. "గెస్టుల్లాగే. తలాత్ నోయ్‌లో ఒక హాస్టల్లో మంచం కూడా బుక్ చేశాను."

సవేంగ్ ఉయ్యాలలో లేచి కూర్చున్నాడు. "మనకు ఇల్లుంది కదే. పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు."

"సాయంత్రం వస్తే వంట చేయాలి."

అతను ఉయ్యాల దిగాడు. ఆమె సర్దుకుంటుంటే వచ్చి చూశాడు. రెండు పూల లుంగీలు, జాకెట్లు, నొప్పుల మందు, ముక్కుకు పెట్టుకునే మెంథాల్ గొట్టం, గొడుగు, అన్నిటి కిందా బుల్లి రైస్ కుక్కర్.

"ఊరు చూడటానికా, కాపురం పెట్టటానికా?" అని కుక్కర్ బయటికి తీసి పెట్టాడు. ఆ ప్రయాణంలో అతను చేసిన సాయం అదొక్కటే.

సందు మొదట్లో అంపాయ్ బొగ్గుల మీద అరటికాయలు కాలుస్తోంది. "అన్నం తిన్నావా అక్కా? ఎక్కడికి?" అని రోజూ అడిగినట్టే అడిగి, సంచి చూసి ఆగిపోయింది.

"ఊరు చూడటానికి" అంది జింతనా.

"ఏ ఊరు?"

"ఈ ఊరే."

అంపాయ్ పట్టకారు కింద పెట్టింది. జింతనా మొహంలోకి చాలాసేపు చూసింది. "ఇన్నేళ్ళు ఓర్చుకున్నావు. నువ్వు కాబట్టి ఓర్చుకున్నావు" అంటూ ఒక పొట్లంలో కాల్చిన అరటికాయలు కట్టి, డబ్బులివ్వబోతే చెయ్యి తోసేసింది. జింతనాకు సగం అర్థమైంది. విడమరచి చెబుదామంటే అప్పటికే వీపు తడిసిపోయింది. ఊరుకుంది.

ఎండ ఆమెకు కొత్త కాదు. కాని ఇంట్లో కూర్చుని వాకిట్లో చూసే ఎండ వేరు, వీపున సంచితో మోసే ఎండ వేరు. పడవ దిగి రాజభవనం ప్రహరీ వెంట నడిచేసరికి ఆమెకు తన ఊరి గురించి ఒక కొత్త సంగతి తెలిసింది. ఈ ఊళ్ళో ప్రతి నీడా ఎవరో ఒకరిదే. చెట్టు కింద నిలబడితే కొబ్బరిబోండాలవాడు చూస్తాడు. చూరు కింద ఆగితే లాటరీ టికెట్ల ఆవిడ ట్రే ముందుకు జరుపుతుంది. కూర్చోవాలంటే ఏదో ఒకటి కొనాలి. ఇన్నేళ్ళూ గెస్టులు ఇంటికి రాగానే మాట్లాడకుండా ఫ్యాను కింద పడిపోతే, వాళ్ళ దేశాల్లో పెంపకం అంతేనేమో అనుకునేది.

ఆమె నెత్తిన వెడల్పాటి టోపీ, కళ్ళకు నల్లద్దాలు ఉన్నాయి. అవీ ఎవరో మరిచిపోయినవే. ఒక టుక్‌టుక్ వచ్చి పక్కన ఆగింది. నడివయసు డ్రైవరు నవ్వుతూ ఇంగ్లీషులో అడిగాడు.

"హలో మేడం, ఎక్కడికి?"

జింతనాకు ఒళ్ళు పులకరించింది. పిన్ని, పెద్దమ్మ అనే పిలుపులే తప్ప మేడం అనిపించుకుని ఎరగదు. "అరుణ్ గుడికి" అని తనూ ఇంగ్లీషులోనే అంది.

"అయ్యో మేడం, ఇవాళ మూసేశారు. పండగ. మధ్యాహ్నం దాకా తెరవరు."

తర్వాతి మాటలు ఆమెకు కంఠతా వచ్చు. పెద్ద బుద్ధుడి దగ్గరికి తీసుకెళ్తానంటాడు. అది అందరికీ తెలియని చోటంటాడు. దారిలో ఒక్క దుకాణం, ఊరికే చూస్తే చాలంటాడు. అతను వరసగా అవే అన్నాడు, ఒక్క ముక్క కూడా తప్పకుండా. తెలిసిన నాటకం రెండోసారి చూస్తున్నట్టు జింతనా తల ఊపింది. తల ఊపి, ఎక్కి కూర్చుంది. ఎందుకు ఎక్కావని తర్వాత సవేంగ్ ఎన్నిసార్లు అడిగినా ఆమె సరైన జవాబు చెప్పలేకపోయింది. గాలి బాగా వచ్చింది, అనేది.

పెద్ద బుద్ధుడి ముందు టుక్‌టుక్ నెమ్మదించింది, ఆగలేదు. ఆగింది ఒక దర్జీ దుకాణం ముందు. లోపల చల్లగా ఉంది. తలపాగా కట్టిన పెద్దాయన ఎదురొచ్చి కుర్చీ వేశాడు. ఏ దేశమని అడిగాడు. అంతదాకా వచ్చాక వెనక్కి తగ్గడం ఎలాగో తెలియక జింతనా "సింగపూర్" అంది. పెద్దాయన వెంటనే చైనా భాషలో ఏదో పలకరించాడు. ఆమె నవ్వింది. అతను మలయ్‌లో ఇంకేదో అడిగాడు. ఆమె ఇంకాస్త నవ్వింది. ఈవిడకు నోరు తక్కువ, డబ్బు ఎక్కువ అయి ఉంటుందనుకున్నాడో ఏమో, టేపు తీసి పట్టు కోటుకు భుజాలు కొలవడం మొదలుపెట్టాడు. డ్రైవరు తలుపు దగ్గర నిలబడి తృప్తిగా చూస్తున్నాడు.

అంతలో పెద్దాయన ఫోను మోగింది. టేపు ఆమె భుజం మీదే వదిలి, అచ్చమైన బ్యాంకాక్ థాయ్‌లో ఇంట్లోవాళ్ళతో మాట్లాడాడు. "మళ్ళీ పచ్చడి చేదొచ్చిందా? నేనేం చేయనే, రొయ్యల ముద్ద తెమ్మన్నావు, తెచ్చాను. పారబోయకు. నీళ్ళు కలిపి చూడు."

"నీళ్ళు కాదు" అంది జింతనా, తనకు తెలియకుండానే థాయ్‌లో. "ముద్దను అరటాకులో చుట్టి బొగ్గుల మీద కాల్చమనండి. చేదు పోతుంది."

పెద్దాయన ఆ మాట ఫోనులో చెప్పి, పెట్టేసి, టేపు మెల్లిగా చుట్టుకున్నాడు. డ్రైవరును చూసి, "ఎవరిని పట్టుకొచ్చావురా?" అన్నాడు.

డ్రైవరు మొహం పాలిపోయింది. "పెద్దమ్మా, మీరు థాయా?"

"అవును."

"చూడబోతే పెద్దమనిషిలా ఉన్నారు. నన్నిలా మోసం చేస్తారా? పెట్రోలు కాల్చుకుని ఇంత దూరం తెచ్చాను."

"మోసమా? గుడి మూసేశారన్నది నువ్వు కదా?"

"అది బయటివాళ్ళకు చెప్పే మాట పెద్దమ్మా. మీకెందుకు చెబుతాను? మనవాళ్ళని ముందే చెప్పి ఉంటే తెరిచే ఉందని చెప్పేవాణ్ణి." అతని గొంతులో నిజమైన బాధ ఉంది. "ఈ రోజుల్లో ఎవరినీ నమ్మేటట్టు లేదు."

వింతగా, జింతనాకు తనే తప్పు చేసినట్టు అనిపించింది. అంపాయ్ ఇచ్చిన అరటికాయల పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. దర్జీ పెద్దాయన ఆమెకు ఐసు నీళ్ళిచ్చి, "ఈవిణ్ణి ఎక్కడ దిగాలంటే అక్కడ దింపు" అని డ్రైవరుతో చెప్పాడు. దారి పొడుగునా డ్రైవరు అలిగి ఒక్క మాట మాట్లాడలేదు. తలాత్ నోయ్‌లో దిగేటప్పుడు మాత్రం, "అరటాకు పచ్చిదా, ఎండుదా?" అని అడిగాడు.

హాస్టల్ ఒక పాత చైనా వర్తకుడి ఇల్లు. కింద కాఫీ దుకాణం, పైన మంచాలు. బల్ల వెనక జుట్టు ముడివేసుకున్న తన్వా అనే కుర్రాడు, అక్కడి మేనేజరు, ఆమెను చూసి మర్యాదగా చేతులు జోడించాడు.

"పనికి వచ్చారా పిన్నీ? వెనక తలుపునుంచి రండి. చీపుర్లు అక్కడే ఉంటాయి."

"మంచం బుక్ చేశాను" అంది జింతనా, సంచి చూపిస్తూ.

అతను కంప్యూటరు చూశాడు, ఆమె గుర్తింపు కార్డు చూశాడు, ఇబ్బందిగా నవ్వాడు. "క్షమించండి పిన్నీ. మేం థాయ్‌వాళ్ళను తీసుకోం. రూల్ అలా ఉంది. మీ గురించి కాదు. మనవాళ్ళు గదుల్లో వంటలు చేస్తారు, చుట్టాలను పిలుస్తారు, కిందా మీదా గోల. గెస్టులు ఇబ్బంది పడతారు."

జింతనా వింటూ నిలబడింది. ఆ మాటలన్నీ ఆమెవే. ఆమె గేటుకు కూడా ఒక బోర్డు వేలాడుతోంది, విదేశీయులకు మాత్రమే అని. దాని చుట్టూ తామరపూల బొమ్మలు ఆమే స్వయంగా వేసింది. ఒకసారి వానలో ఖోరత్ నుంచి ఒక బడిపంతులు, ఆయన భార్య తడిసి వస్తే, గేటు సగం తెరిచి, మీ గురించి కాదు అనే చెప్పింది. వాళ్ళు సరేనని వెళ్ళిపోయారు. ఇప్పుడు తనకు సిగ్గు వేయాలని ఆమెకు తెలుసు. కాని ముందు వచ్చింది చిరాకు. చెప్పడం చేతకాదు ఈ కుర్రాడికి, అనుకుంది. మంచినీళ్ళిచ్చి చెప్పాలి. నేనైతే నీళ్ళిచ్చాను.

సిగ్గు ఆ తర్వాత వచ్చింది. అది వచ్చేసరికి దగ్గరున్న స్టూలు మీద కూలబడింది.

"నేను వెళ్ళలేను బాబూ. మొండితనం కాదు. కాళ్ళు రావడం లేదు."

మూల బల్ల దగ్గర అరవై దాటిన ఒక తెల్లావిడ పాదాలు ఐసు నీళ్ళ తొట్టిలో పెట్టుకుని బీరు తాగుతోంది. పేరు ఇలోనా, బుడాపెస్ట్ నుంచి వచ్చింది. ఏమైందని తన్వాను అడిగింది. అతను ఇంగ్లీషులో వివరించాడు.

"ఈమె దేశంలో ఈమెకే చోటు లేదా?" అంది ఇలోనా.

"దేశంలో ఉంది మేడం. హాస్టల్లోనే లేదు."

"అయితే నా మనిషని రాసుకో." ఆవిడ ఫోను తీసి, ఇంటర్నెట్‌లో హాస్టల్‌కు స్టార్లు ఇవ్వబోయేవాళ్ళలా బల్ల మీద పెట్టింది.

తన్వా ఫోను వైపు చూశాడు. జింతనా వైపు చూశాడు. నిట్టూర్చి, ఆమె కార్డు పూచీగా సొరుగులో వేసుకుని, కంప్యూటర్లో దేశం దగ్గర హంగరీ అని కొట్టాడు. "యజమాని వస్తే థాయ్ మాట్లాడకండి పిన్నీ, మీకు పుణ్యముంటుంది" అన్నాడు.

గదిలో అందరూ ఆడవాళ్ళే. పై మంచాలు, కింది మంచాలు, కమ్మీల మీద తడి సాక్సులు. జింతనాకు పై మంచం దొరికింది. నిచ్చెన ఎక్కుతుంటే లుంగీ మేకుకు పట్టుకుని చిరిగింది. కింద మంచంలో ముక్కు మీద చర్మం ఊడుతున్న ఒక పిల్ల ఏ దేశమని అడిగింది.

"హంగరీ" అంది ఇలోనా పక్క మంచం మీంచి, జింతనా బదులు.

"బాగుంటుందట" అని ఆ పిల్ల ఏమాత్రం ఆశ్చర్యపోకుండా తల ఊపి, తనకు తోచిన సలహా ఇచ్చింది. "ఇక్కడ టుక్‌టుక్ వాళ్ళతో జాగ్రత్త ఆంటీ. గుడి మూసేశారంటారు. నమ్మకండి."

"అలాగా" అంది జింతనా.

మరునాడు ఒక లుంగీ చిరిగి, ఉతికిన రెండోది ఆరక, ఇలోనా దగ్గర ఒక ఏనుగుల బొమ్మల ప్యాంటు అరువు తీసుకుంది. సందులో ఆ ప్యాంట్లు వేసుకుని తిరిగే గెస్టులను చూసి అంపాయ్‌తో కలిసి ఎంతగా నవ్వుకున్నదో ఆమెకే తెలుసు. వేసుకున్నాక తెలిసింది, లోపల గాలి ఆడుతుంది. ఆ సంగతి వాళ్ళెవరూ ఎందుకు చెప్పలేదో.

ఇద్దరూ పడవలో అరుణ్ గుడికి వెళ్ళారు. గేటు దగ్గర కాపలా అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "మేడం, టికెట్." థాయ్‌వాళ్ళకు అక్కడ టికెట్ లేదు.

"నేను థాయ్‌నే" అంది జింతనా థాయ్‌లో.

అతను ప్యాంటు చూశాడు, ఇలోనాను చూశాడు. "అందరూ నేర్చుకునే వస్తున్నారు ఈమధ్య. బాగా మాట్లాడుతున్నారు మేడం. కార్డు చూపించండి."

కార్డు తన్వా సొరుగులో ఉంది. నిన్నటినుంచి సింగపూర్, హంగరీ అని ఊరంతా తిరిగిన మనిషికి, ఈ గేటు దగ్గర నిజం చెప్పినప్పుడే నమ్మేవాడు లేకపోయాడు. జింతనాకు ఒళ్ళు మండింది. పెళ్ళయ్యాక బ్యాంకాక్ యాసలో కప్పి పెట్టుకున్న నఖోన్ సవాన్ యాస ఒక్కసారి బయటికొచ్చింది. నీకు కళ్ళున్నాయా, ఉంటే అవి మొహంలోనే ఉన్నాయా, మీ అమ్మ వయసుదాన్ని ఎండలో నిలబెట్టి కార్డు అడుగుతావా, నీకు అన్నం పెట్టేదెవరు, ఆవిడకు తెలుసా నువ్వు ఇక్కడ ఇలా ఏడుస్తున్నావని, అని ఊపిరి తీసుకోకుండా దులిపేసింది.

కాపలా అతను చేతులు జోడించి వంగాడు. "మా అత్తగారిదీ అటువైపే అమ్మా. లోపలికెళ్ళండి."

"ఏమన్నావు అతన్ని?" అంది ఇలోనా టికెట్ కొనుక్కుని వచ్చి.

"పుట్టిన ఊరు చెప్పాను."

గుడి మెట్లు నిటారుగా ఉన్నాయి. చెప్పులు విడిచిన చోట బండ పెనంలా కాలింది. జింతనా ముందు పాదాలు చూసుకుంది, తర్వాత గోడలు చూసింది. దూరం నుంచి ముత్యంలా మెరిసే గోపురం దగ్గరికొస్తే అంతా పగిలిన పింగాణీ ముక్కలు. పళ్ళేల అంచులు, గిన్నెల అడుగులు, పువ్వుల్లా పేర్చి అతికించారు. తన వంటింట్లో గెస్టులు పగలగొట్టిన పళ్ళేలను ఏళ్ళ తరబడి తిట్టుకుంటూ ఊడ్చి పారేసింది. ఒక ముక్క మీద వేలు పెట్టి చూసింది. నున్నగా, వెచ్చగా ఉంది.

చాలా అందంగా ఉంటుంది, తప్పకుండా చూడు, అని ఎన్ని వేలసార్లు చెప్పిందో. నిజంగానే అందంగా ఉంది. ఏమీ తెలియకుండా చెప్పినా సరిగ్గానే చెప్పానన్నమాట అనుకుంటే ఆమెకు సంతోషం కలగలేదు. కాస్త కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. పైకి వెళ్ళి నదికి అవతల తన ఇల్లు ఎక్కడుంటుందో వెతికింది. రేకుల కప్పులు, వైర్లు, నీళ్ళ ట్యాంకులు. ఏది తనదో గుర్తుపట్టలేకపోయింది.

కింద నీడలో కూర్చుని మామిడిపండు, జిగురన్నం తిన్నారు. ఇలోనా తన సంగతి చెప్పింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒకే దారిలో ట్రామ్ నడిపింది. ఆ దారిలో ఒక పెద్ద నాటకశాల ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి జనం దాన్ని చూడటానికే దిగేవారు.

"లోపల ఎలా ఉంటుంది?" అంది జింతనా.

"ఎర్ర కుర్చీలుంటాయట. దిగి వెళ్ళినవాళ్ళు చెప్పారు."

"నువ్వు వెళ్ళలేదా?"

"పక్కనే ఉంది కదా" అంది ఇలోనా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నవ్వు ఆపుకోలేక ఇలోనా జిగురన్నం ఒళ్ళో పారబోసుకుంది. ఒక భిక్షువు తల తిప్పి చూసేదాకా నవ్వారు.

అప్పుడే సవేంగ్ ఫోను చేశాడు.

"ఎప్పుడొస్తావు?" అన్నాడు. నోట్లో ఏదో నములుతున్నాడు.

"రేపు. ఏం తింటున్నావు?"

"చేపల పులుసు. అంపాయ్ తెచ్చింది. నువ్వు నన్ను వదిలేసి వెళ్ళావని సందంతా అనుకుంటున్నారు. పొద్దుటినుంచి ఒకరి తర్వాత ఒకరు తిట్టడానికి వస్తున్నారు. ఖాళీ చేతులతో రావడం బాగుండదని తలా ఒక గిన్నె తెస్తున్నారు. తిట్లూ తింటున్నాను, కూరలూ తింటున్నాను."

"ఊరు చూడటానికి వెళ్ళానని చెప్పలేదా?"

"చెప్పాను. మొగుడనేవాడు అలాగే చెబుతాడు అన్నారు." కాసేపు నమిలాడు. "తొందరేం లేదు. కావాలంటే ఇంకో రోజు ఉండు. మూలింటావిడ రేపు బాతు కూర తెస్తానంది."

జింతనా ఇంకో రోజు ఉంది. అతని మాట విని కాదు, అతని మీద కోపంతో. ఆ రోజు ఏమీ చూడలేదు. ఇలోనా ఉత్తరాది రైలెక్కేదాకా కాఫీ దుకాణం ముందు అరుగు మీద ఇద్దరూ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. బరువులు మోసేవాళ్ళు, బండ్ల వాళ్ళు, మ్యాపు తలకిందులుగా పట్టుకున్న కుర్రాళ్ళు వెళ్తుంటే చూశారు. ఒక కుర్రాడు వచ్చి దారి అడిగితే జింతనా నోరు తెరిచి, మళ్ళీ మూసి, "నాకు తెలియదు నాయనా" అంది. ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని ఆమె అనుకోలేదు. రైలు వేళకు ఇలోనా సంచి భుజానికెత్తుకుని, "బుడాపెస్ట్ వస్తే నాటకశాలకు వెళ్దాం" అంది. ఇద్దరికీ అది జరగదని తెలుసు కాబట్టి గట్టిగా మాట ఇచ్చుకున్నారు.

సందులోకి అడుగు పెట్టగానే ఆడవాళ్ళు చుట్టుముట్టారు. అంపాయ్ ఆమె చేతులు పట్టుకుని, "అంత త్వరగా కరిగిపోవద్దక్కా. ఇంకో వారం ఉండాల్సింది" అంది. జింతనా ఉన్న మాట చెప్పింది. ఎవరూ నమ్మలేదు. అంతగా దాచుకుంటోందంటే ఏదో పెద్దదే జరిగి ఉంటుందనుకున్నారు. ఆ తర్వాత ఆమె చెప్పడం మానేసింది. సందంతా కన్నేసి ఉంచడంతో సవేంగ్ భోజనం కాగానే గిన్నెలు తీసుకెళ్ళి వీధి పంపు దగ్గర, అందరికీ కనిపించేలా తోమేవాడు. మొదట పరువు కోసం తోమాడు. వానాకాలం వచ్చేసరికి అలవాటైపోయింది.

గేటుకున్న బోర్డు ఆమె తీసేసింది. మంచిపని చేశానని కొన్నాళ్ళు తృప్తిగా ఉంది. మొదట దిగిన థాయ్‌వాళ్ళు ఉబోన్ నుంచి ఒక జంట, ఎరువుల కంపెనీ సరుకు అమ్ముకునేవాళ్ళు. దిగిన పూటే గదిలో చిన్న పొయ్యి వెలిగించి, ఊరబెట్టిన చేపతో కూర వండారు. సాయంత్రం చుట్టాలు ఆరుగురు వచ్చారు. పాటలు పెట్టారు. పక్క గదిలోని జర్మన్ ఆయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని కిందికొచ్చి, మేడ మీద ఏదో చచ్చి ఉందని ఫిర్యాదు చేశాడు.

ఒకప్పుడు తను చెప్పినవీ, తన్వా చెప్పినవీ అక్షరం పొల్లు పోకుండా జరుగుతున్నాయి. జింతనా లుంగీ బిగించి మేడెక్కింది. మెట్టు మెట్టుకూ ఏమనాలో సర్దుకుంది. తలుపు తెరిచే ఉంది. చాప మీద అందరూ గుండ్రంగా కూర్చున్నారు. ఉబోన్ ఆవిడ ఆమెను చూడగానే లేచి, "రా అక్కా, నీకోసమే చూస్తున్నాం. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు" అని జిగురన్నం బుట్ట మూత తీసి ముందుకు జరిపింది.

జింతనా అన్నం ముద్ద చేసి, కూరలో అద్ది నోట్లో పెట్టుకుంది. నఖోన్ సవాన్ వదిలాక అంత ఘాటైన చేప కూర తినలేదు. కూర్చుని ఇంకో ముద్ద తీసుకుంది. కాసేపటికి మెట్ల మీద చప్పుడైంది. సవేంగ్ తన పళ్ళెం తనే పట్టుకుని పైకొస్తున్నాడు. వెనకాలే జర్మన్ ఆయన, తువ్వాలు ఇంకా ముక్కుకే ఉంది.

"ఇతనికి ఏం చెప్పావు?" అంది జింతనా.

"చచ్చిందేమిటో వచ్చి చూసుకోమన్నా" అన్నాడు సవేంగ్, చాప మీద చోటు కోసం అటూ ఇటూ జరుగుతూ.